మగవాళ్ల చరణం

మొన్న గ్యాస్ ఏజెన్సీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి, నేను పలకగానే, సిలిండర్ రేపు వస్తుంది సార్ అని కన్నడలో చెప్పి పెట్టేసింది. నేను సరిదిద్దలేదు. బీదర్‌లో కాపురం పెట్టిన నాటి నుంచీ ఫోనులో నేను సారునే. ఇంత బొంగురు గొంతున్న ఆడవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ ఇది అలవాటై ఉంటుంది.

ఈ గొంతు నాకు పుట్టుకతో రాలేదు. మా చిన్నప్పుడు మా ఊరు సంతపూర్‌లో, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చునే మా చర్చిలో, ఒక చరణం ఆడవాళ్లు ఎత్తుకుంటే తర్వాతి చరణం మగవాళ్లు అందుకునేవాళ్లు, పల్లవి మాత్రం అందరిదీ. ఆడవాళ్ల పాటకు మా పెద్దమ్మే పెద్ద. ఆమె పక్కన, ముందువరసలో కూర్చుని పాడటమంటే నాకు ప్రాణం. అలాంటిది పన్నెండో పదమూడో ఏడు వచ్చేసరికి, అన్నలకు మారాల్సిన గొంతు నాకు మారింది. మిరియాల కషాయం తాగించారు, శొంఠి నమిలించారు, పటికబెల్లం బుగ్గన పెట్టించారు. దిగిన గొంతు దిగిన చోటే ఉండిపోయింది.

చివరికి పెద్దమ్మ, కోపం లేకుండానే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "పెదవులు కదుపు బిడ్డా, గొంతు తియ్యకు. నీ ఒక్కదానితోని పాటంత ఖరాబైతాంది. గట్ల ఇష్టం లేకుంటె ఎన్కకు పోయి కూసో."

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, అందుకే ఏడుపొచ్చింది. కొన్నాళ్లు పెదవులే కదిపాను. ఎవరూ కనిపెట్టలేదు సరికదా, పిల్ల ఎంత బుద్ధిగా పాడుతోందో అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండేది.

ఆ ఏడు కోత పండుగ ఆరాధన రోజున, వేదిక ముందు జొన్నకంకులూ గుమ్మడికాయలూ కందుల మూటలూ పేర్చి ఉండగా, నేను పెద్దమ్మ పక్కన నా చోటు వదిలేసి వెళ్లి తలుపు దగ్గర, చెప్పుల వరస పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ల చరణం నాకు అందనంత పైన పోతోంది, ఊరుకున్నాను. మగవాళ్లు తమ చరణం అందుకోగానే, ఆడవాళ్ల వైపు నుంచి నేనూ అందుకున్నాను. మెడలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి, పెద్దమ్మది తప్ప. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో సిగ్గో ఇప్పటికీ తెలియదు. చరణం అయిపోయేదాకా నేను పాట ఆపలేదు. ఇంటికి నడుస్తూ నాన్న ఒక్క మాటే అన్నాడు, "ఎన్కనే కూసో. పాడు."

పెళ్లయి బీదర్ వచ్చేదాకా నా చోటు ఆ చెప్పుల దగ్గరే. పెద్దమ్మ మళ్లీ ముందుకు పిలవలేదు, నేనూ వెళ్లలేదు. దాన్ని గెలుపని ఎన్నడూ అనుకోలేదు. ముందువరస మీద బెంగ మాత్రం చాలాకాలం ఉండింది.

ఇప్పుడు బీదర్‌లో మేం వెళ్లే చర్చిలో కుర్చీలు, మైకు, కీబోర్డు. ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు, చరణాలు పంచుకునే పద్ధతీ పోయింది. నా ఈడు ఆడవాళ్ల గొంతులన్నీ వయసుతో దిగిపోయాయి; మా పెద్దమ్మ కూతురు, ఇక్కడే స్థిరపడిన అక్క, నా పక్కనే కూర్చుని నా శ్రుతిలోనే పాడుతుంది. నా వైపు ఎవరూ తిరిగి చూడరు. హాయిగా ఉండాలి కదా. కాని ఒక్కో ఆదివారం పాట మధ్యలో కావాలనే ఆగి వింటాను. నేను ఆగినా పాటలో ఏ లోటూ వినిపించదు.