సోమమ్మ తొక్కిన బ్రేకు

లోకంలో ఏ కారుకైనా బ్రేకుల్లో గాలి చేరితే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తీస్తారు. రామన్నపేట అవతలి ఊళ్లో గోపయ్య కారుకు మాత్రం అమావాస్యకొకసారి, పున్నానికొకసారి తీయాల్సి వచ్చేది. అంత గాలి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ అంతుబట్టలేదు. తుఫాన్లు పుట్టేదే ఆ బ్రేకు గొట్టాల్లోనని, అక్కడి నుంచే బందరు దిక్కు పోతాయని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

గోపయ్యది గొర్లు కాసే ఇల్లు. తెలంగాణ వచ్చిన ఏడు, మోకాళ్లు అరిగాయి, ఇక గుట్టలెక్కలేనని మంద మొత్తం అమ్మేశాడు. చిట్యాలలో ఎవరో వదిలించుకుంటున్న పాత తెల్ల మారుతి కారు తోలుకొచ్చాడు. తెల్లది అనడం మర్యాదకే. అప్పటికే అది పులిసిన మజ్జిగ రంగుకు తిరిగింది. డోరు వేస్తే అద్దం దిగేది, అద్దం ఎక్కిస్తే హారన్ మోగేది. భార్య సోమమ్మను ఒక్క మాట అడగలేదు. మందలో సగం ఆమె పుట్టింటి గొర్ల సంతానం. ఆమె అరవలేదు, ఏడవలేదు. మొగుడితో మాట్లాడడం మానేసింది.

మానేసిందంటే నోరు కట్టేసుకుందని కాదు. బువ్వయితే కోడికి చెప్పేది. నీళ్లు కాగితే దూడకు చెప్పేది. ఆ మనిషికి చెప్పవే అని, ఆ మనిషి పక్కనే కూర్చుని వింటుండగా చెప్పేది. ఆ దూడ పెరిగి బర్రె అయింది, దానికో దూడ పుట్టింది, కబురు మోసే కొలువు తల్లి నుంచి బిడ్డకు దిగింది. కారు సంగతి ఎత్తాల్సి వస్తే సోమమ్మ "మా సవతి" అనేది. ఒక్కనాడూ అందులో ఎక్కి ఎక్కడికీ పోలేదు. పుట్టింటికి పోవాలన్నా ఆటోలోనే పోయేది.

గోపయ్య మెకానిక్ గడప తొక్కే రకం కాదు. గొర్రె కాలు విరిగితే వెదురు బద్ద కట్టినవాడు, అడ్డం తిరిగిన పిల్లను తన చేత్తో బయటికి తీసినవాడు. కారుకూ అదే వైద్యం. ఎక్కడికైనా పోయి వస్తే చక్రాల మీద చెయ్యి పెట్టి జ్వరం చూసేవాడు. ఊరి బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సున్నం కడుతుందని దానికి ఫిల్టరు నీళ్ల డబ్బా తెప్పించేవాడు. ఇంట్లో మనుషులు మాత్రం ఆ బోరు నీళ్లే తాగేవాళ్లు. ఈ సంగతి సోమమ్మ దూడకు చెప్పిన రోజు ఊరంతా విన్నది, పక్కూరు సగం విన్నది.

అన్ని పనులూ ఒక్కడు చేసుకోవచ్చు గానీ, బ్రేకుల్లో గాలి తీయడం ఒక్కడితో అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నాలుగైదుసార్లు కొట్టి గట్టిగా తొక్కిపట్టాలి. ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనక నిప్పుల్ అనే చిన్న మర వదులు చేయాలి. బుడగలతో కలిసి ఆయిల్ బయటికొస్తుంది. మళ్లీ బిగించేదాకా పైన కాలు తీయకూడదు. తీస్తే, పోయిన గాలి మేనత్తను కూడా వెంటబెట్టుకుని లోపలికొస్తుంది.

మొదటిసారి ఆ పని పడ్డ రోజు వాకిట్లో ఇంకెవరూ లేరు. గోపయ్య కారు కింద నుంచే భార్యను పిలిచాడు, జర వచ్చి తొక్కమన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. పొట్టి మనిషి, కాలు అందలేదు. ఆయన లేచి, సీటు కింది కడ్డీ లాగి ముందుకు జరిపి, వీపు వెనక తవుడు సంచి పెట్టాడు. మళ్లీ కిందికి దూరాడు.

"తొక్కు" అన్నాడు.

"తొక్కిన" అన్నది. కాలు తీయకుండానే, "గొర్లను ఎవలనడిగి అమ్మినవ్?" అన్నది.

గోపయ్యకు అప్పుడు తెలిసింది తాను ఎట్లా ఇరుక్కున్నాడో. స్పానర్ వదిలేసి లేస్తే ఆయిలంతా నేలపాలు. ఆమె కాలు తీసి పోతే పని మొదటికి. ఇద్దరూ కదిలే వీలు లేదు. పైనుంచి ఆమె పెండ్లినాటి సంగతుల దగ్గర మొదలుపెట్టి కడిగేసింది. కింద నుంచి ఆయన ఒక్కొక్కదానికి జవాబు చెప్పాడు. మొహాలు కనబడవు కాబట్టి ఇద్దరికీ సులువైంది. చక్రాలన్నీ అయ్యేసరికి పొద్దు గుట్ట దిగింది.

ఇక అప్పటి నుంచి సంసారమంతా అక్కడే నడిచింది. బిడ్డ త్రివేణి సంబంధం వెనక చక్రం కాడ ఖాయమైంది. బోరు ఎక్కడ వేయాలన్నది ముందు చక్రం కాడ తేలింది. లోపలికి పోతే మళ్లీ కోడీ, దూడే. ఆమెకేదైనా చెప్పాలనిపిస్తే వాకిలి ఊడుస్తూ కారు దిక్కు చూసి, గాలి చేరినట్టుందని దూడతో అనేది. గోపయ్య స్పానర్ అందుకునేవాడు. ఎవరైనా అడిగితే బ్రేకులు ముసలివయ్యాయని ఆయన, సవతి పీడని ఆమె. అసలు సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున సోమమ్మ గాలి చేరిందన్న ఆ మాటే అన్నది. ఈసారి దూడతో కాదు. చీపురు పక్కన పెట్టి నిలబడి, మొగుడి మొహం చూసి అన్నది. గోపయ్య కారుకు జాకీ ఎక్కించి, కింద బండలు పెట్టి, వెనక చక్రం ఊడదీశాడు. తీరా చూస్తే లోపలి రబ్బరు నిజంగానే చిరిగిపోయింది. ఆయిల్ సీసా ఖాళీ. చిట్యాల పోయి తెస్తానన్నాడు.

"పోయి రా" అన్నది సోమమ్మ. "నీతోని ఒక ముచ్చటున్నది."

ఆయన బస్సులో పోయి వచ్చేసరికి ఆమె గడప మీద ఒరిగి ఉంది. పక్కింటి వీరేశం ఆటో పొలం కాడ ఉంటే పిలిపించి, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. దారిలోనే ప్రాణం పోయిందన్నారు డాక్టర్లు. ఇంట్లో కారు ఉంది, బండల మీద ఉంది. ఆటో వచ్చేదాకా పట్టిన కాసేపటిని ఊరు ఇంటికింత సాగదీసింది. నాలుగు వాడలు తిరిగి వచ్చేసరికి అది పూటయింది.

గోపయ్య ఏడవలేదు. మీద పడి ఏడ్చినవాళ్ల వీపు తట్టాడు. చేతి గోళ్లలో నల్లగా ఆయిల్ ఉంటే చూసుకున్నాడు. ఆకలి కాలేదు గానీ పెడితే తిన్నాడు. ఆ కూరలో కారం ఎక్కువై అందరూ నీళ్లకు పరిగెత్తారు, ఆయన గిన్నె ఊడ్చి పెట్టాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆమెను పూడ్చిన బొంద మీద విస్తరాకులో అన్నం, మాంసం కూర, కల్లు, ఆమెకిష్టమైన సర్వపిండి. అందరూ దూరం జరిగారు. పోయినవాళ్ల మనసులో ఏ బాధా మిగలకపోతే కాకి వచ్చి ముడుతుంది. రాలేదు. జిల్లాలోని కాకులన్నీ కూడబలుక్కుని ఒక్కపొద్దు పట్టినట్టు, కూత కూడా లేదు. త్రివేణి బాపును మంచిగా చూసుకుంటానని మొక్కింది. సోమమ్మ తమ్ముడు బీరప్ప అక్క బిడ్డకు పుట్టింటి లోటు రానివ్వనన్నాడు. రాలేదు. ఎండ నెత్తికెక్కింది.

బీరప్ప వచ్చి గోపయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కకు గా కారే గోస బావా. గది బండల మీద లేకుంటే అక్క బతుకుతుండె. అమ్ముతనని చెప్పు."

గోపయ్య బొంద దిక్కు చూశాడు. ఆమె చెప్పాలనుకున్న ముచ్చట ఇదేనేమో అనుకున్నాడు. ఏదో ఒకటి అనిపిస్తుందని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు.

"అమ్ముత సోమా" అన్నాడు.

తుమ్మ చెట్టు మీది నుంచి కాకి దిగి సర్వపిండి ముక్క ముక్కున పెట్టుకుంది. పోతూ పోతూ సవతిని కూడా వెళ్లగొట్టిందని ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ కాకి ముందు కారు ఉన్న దిక్కు తిరిగి ఉమ్మిందని తర్వాత తర్వాత కలిపారు.

కొనడానికి రామన్నపేట నుంచి విజేందర్ వచ్చాడు, కూరగాయలు అమ్మేవాడు. బ్రేకులు బాగుచేయకుండా బండి ఇయ్యనన్నాడు గోపయ్య. ఆ మాట న్యాయమే కాబట్టి విజేందర్ ఆగాడు. రబ్బర్లు వేయడం అయింది. గాలి తీయడం మిగిలింది. వీరేశం తొక్కుతానని ఎక్కి సీటు వెనక్కి జరపబోతే, నీది బరువు కాలని గోపయ్య దింపేశాడు. బీరప్ప వస్తే, నీకు ఓపిక లేదని పంపేశాడు. వానలు పడ్డాయి. కారు బండల మీదే ఉంది, సీటు సోమమ్మ కూర్చున్న చోటే ఉంది, తవుడు సంచి సీటు మీదే ఉంది. సచ్చినోళ్లకు ఇచ్చిన మాటతో ఆటలేందని బీరప్ప కనబడ్డప్పుడల్లా దెప్పాడు. ఊరైతే సోమమ్మ రోజూ పొద్దుగూకినంక వచ్చి కారు చుట్టూ తిరిగి పోతోందన్నది. చూసినవాళ్లు మాత్రం ఎవరూ దొరకలేదు.

మాసికానికి త్రివేణి వచ్చింది. పని కానిచ్చి, అడగకుండానే పోయి కారులో కూర్చుంది. ఆమెది తండ్రి ఎత్తు. మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. సీటు కింద కడ్డీ కోసం చెయ్యి పెట్టి, తండ్రి చూపు చూసి తీసేసింది. అట్లనే ముడుచుకుని కూర్చుంది. గోపయ్య స్పానర్ తీసుకుని కింద పడుకున్నాడు.

"తొక్కు."

"తొక్కిన బాపు."

నిప్పుల్ వదిలాడు. బుడగలు వచ్చి ఆగాయి. స్పానర్ పట్టుకుని కాసేపు అట్లనే ఉన్నాడు. పైనుంచి మాటేమీ రాలేదు. బిగించాడు. ఇంకో చక్రం కాడికి జరిగాడు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపే నాలుగూ అయిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది.

"గింతేనా?" అన్నది త్రివేణి. "నువ్వు, అమ్మ పొద్దంత చేస్తుంటిరి."

గోపయ్య కింద పడుకునే స్పానర్ తుడిచాడు.

"గప్పుడు గాలి బాగ ఉంటుండె బిడ్డా" అన్నాడు.

మరునాడు విజేందర్ వచ్చాడు. తవుడు సంచి తీసి, ఇది నీదేనా కాకా అని చేతికిచ్చాడు. ఎక్కి కూర్చుని, కడ్డీ లాగి, సీటు టక్కున వెనక్కి తోశాడు. ఆ చప్పుడు వింటే ఏమవుతుందోనని గోపయ్య ఇన్నాళ్లూ భయపడ్డాడు. ఏమీ కాలేదు. కారు మలుపు దాకా పోయింది, వెనక ఎర్రలైటు వెలిగింది, ఆగింది, మళ్లీ కదిలింది. బ్రేకు మంచిగ పట్టింది అనుకున్నాడు.

సంచి తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. దూడ తల ఎత్తింది. దాని ముందు దోసెడు తవుడు పోసి, పక్కన కూర్చున్నాడు.

"కారు ఇచ్చేసిన" అన్నాడు దూడతో. "ఆ మనిషికి చెప్పు."