ఆరని గోడల మధ్య కాపురం

గోడలకు రంగులేసే అతన్ని తోటి పనివాళ్ళంతా ‘రెండో కోటు’ అని పిలిచేవారు. రెండో పూత పడనిదే గోడ ముందునుంచి కదిలేవాడు కాదు. అందులో సగం పనితనం, సగం స్వార్థం. పని ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళు ఆ భవనంలో తల దాచుకోవచ్చు మరి.

అతనికి తాగుడు లేదు, పేకాట లేదు. నిచ్చెన జారి కాలు విరిగింది, అంతే. అది అతుక్కునేలోపు ఇంటి యజమాని అద్దె పెంచితే కట్టలేక ఖాళీ చేశారు. వేరేచోట గది ఖాళీ ఉంటే అడ్వాన్సు అందేది కాదు. అప్పటినుంచి భార్యనూ, కొత్తగా నడక నేర్చిన కూతురినీ వెంటబెట్టుకుని, పని జరిగే భవనంలోనే ఓ గదిలో కాపురం. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పిల్ల మాత్రం రంగు వాసనకు దగ్గేది. ఆ దగ్గు వినపడితే అతని చేతిలో కుంచె ఆగిపోయేది.

పురపాలక సంఘం తక్కువ అద్దె ఇళ్ళు కట్టింది. నిజంగా గూడు లేనివాళ్ళకే ఇస్తారంటే వీళ్ళూ అర్జీ పెట్టుకున్నారు. చూసి తేల్చుకోవడానికి అధికారిణి వస్తోందని కబురొచ్చింది.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడాలంటారు కదా, ఆ మాటే కొంప ముంచింది. భార్య గదంతా అద్దంలా కడిగింది. అతనూ తక్కువ తినలేదు. ఆ పొద్దున్నే పిల్లను వరండాలోకి పంపి, మిగిలిన రంగులు కలిపి గోడలకు లేత పసుపు వేసి, అంచున నీలం గీత లాగాడు.

అధికారిణి గుమ్మంలోనే ఆగిపోయింది.

“మా ఇంటికన్నా మీదే బాగుందే. మీకు ఇంకో ఇల్లెందుకు?”

“ఇది మాది కాదమ్మా,” అన్నాడతను.

“అందరూ అదే అంటారు.”

ఆవిడ వెనక్కి తిరిగింది.

“చూశావా నీ శుభ్రం?” అని గొణిగాడు.

“మరి నీ నీలం గీతో?” అంది భార్య.

చెప్పు సరిచేసుకోబోయి అధికారిణి గోడకు చెయ్యి ఆనించింది. అరచెయ్యంతా పసుపు.

“కడుక్కోవాలి. కొళాయెక్కడ?”

“కిందండి, మోటారు దగ్గర.”

ఆవిడ స్నానాలగది తలుపు తోసింది. లోపల సిమెంటు బస్తాలు, గోడలో గొట్టం కోసం వదిలిన కన్నం.

“మరి స్నానాలు?”

“పనివాళ్ళు రాకముందే కిందికి దిగుతామండి. మా ఆయన గోనెపట్టా అడ్డం పట్టుకుని అటు తిరిగి నిలబడతాడు,” అంది భార్య.

వరండాలో పిల్ల దగ్గింది. అధికారిణి అటు చూసింది.

“ఈ గోడలు ఆరాక ఎక్కడికెళ్తారు?”

“ఎక్కడ ఆరకపోతే అక్కడికండి,” అన్నాడతను.

ఆవిడకు నవ్వాగలేదు. ఇల్లు మాత్రం వచ్చింది.

ఒకటే గది, వంటకో మూల, లోపలే కొళాయి. అద్దె కట్టాక కూడా కూలిలో ముప్పావు వంతు చేతిలో మిగులుతుంది. చేరిన రోజే భార్య సుత్తి పట్టుకుని, నున్నటి గోడకు మేకు దిగ్గొట్టడం మొదలుపెట్టింది. అతని ప్రాణం ఉసూరుమంది.

“మెల్లిగా కొట్టవే, పెచ్చులూడతాయి.”

“ఊడితే పూస్తావులే,” అందామె. “నువ్విక్కడే కదా ఉండేది.”