బావ బిగించిన కూలర్

మా బావ పోయాడు. మొన్న శనివారం పొద్దున సింగపూర్ ఆసుపత్రి నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నిన్న కూడా డాడీ నర్సుని స్కోల్డ్ చేశాడు లా. సెలైన్ సూది పీకి త్రో చేశాడు. ఇవాళ ఏమీ అనలేదు, జస్ట్ స్టాప్ అయిపోయాడు," అని అక్కడి పిల్లల యాసలోనే ఏడ్చింది. ఆ తర్వాత ఫోన్ అక్క తీసుకుంది. "మీ బావ ఎలిపోనాడ్రా తమ్ముడూ. ఒక్క తిట్టు తిట్టకుండా ఎలిపోనాడు," అంది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. తిట్టలేదంటే ఆయన నిజంగానే లేడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా బావ శాంతమూర్తి అని రాశాననుకోండి, ఎక్కడున్నా లేచొచ్చి నా వీపు విమానం మోత మోగిస్తాడు. అందుకని ఉన్నదున్నట్టే చెబుతాను. ఆయనకు కోపం ముక్కుమీద ఉండేది, చెయ్యి నోటికన్నా ముందు లేచేది. బోల్టు ఊడి రాకపోతే స్పానర్ గోడకేసి కొట్టేవాడు. ఒకసారి మాట వినని టైరును తన్ని కాలి బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు, కట్టు కట్టించుకుని వచ్చి రెండో కాలితో మళ్ళీ తన్నాడు. "ఇనుముకి సెవులుండవురా, కొడితేనే ఇంటది," అనేవాడు.

బావ వాళ్ళ నాన్న ఎప్పుడో శ్రీకాకుళం నుంచి సింగపూర్ రేవులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. బావ పుట్టింది, పెరిగింది, లారీల కింద పడుకుని మెకానిక్ పని నేర్చింది అంతా సింగపూర్లోనే. ఆయన తెలుగులో మా జిల్లా యాస సగం, తమిళం పావు, మలయ్ తిట్లు పావు. మా అక్కను చేసుకుని అక్కడి పేటల్లో ఒకటైన చోవా చూ కాంగ్‌లో కాపురం పెట్టాడు. ఆంగ్ మో కియో పేట షెడ్లలో ఆయన వర్క్‌షాపు ఉండేది. కొన్నేళ్ళ తర్వాత నేను క్రేన్ లారీ డ్రైవర్‌గా పని పర్మిట్ మీద వెళ్ళాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. మన కుర్రాళ్ళు మెడలో కార్డులు వేసుకుని విమానాలు విమానాలుగా దిగుతుండేవారు. ఆదివారాలు అక్క చేతి కోడికూర కోసం వాళ్ళంతా బావ ఫ్లాటుకి వచ్చేవారు, ఆయన అరుపులకు ఉలిక్కిపడుతూనే రెండోసారి వడ్డించుకునేవారు.

ఇంట్లో కూడా ఇలాగేనా అని అడుగుతారేమో. ఒకసారి పులుసులో ఉప్పు ఎక్కువైందని కంచం గోడకేసి కొట్టాడు. అక్క బకెట్టూ గుడ్డా తెచ్చి ఆయన ముందు పెట్టింది. గోడ తుడిచేదాకా అన్నం లేదంది. వరండాలో పోయే ఇరుగుపొరుగు అందరూ చూస్తుండగా మా బావ స్టూలెక్కి గోడ తుడిచాడు. అక్క మీద మాత్రం ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే ఆ చెయ్యి దిగదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న సంగతి ఒక లారీ కూలర్ గురించి. నవ్వకండి, నేనివాళ ఇలా రాస్తున్నానంటే ఆ కూలర్ వల్లే.

అప్పట్లో కంప్యూటర్ల కోసమని సింగపూర్లో కొత్త బిల్డింగులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఆ గదులు చల్లగా లేకపోతే లోపలి యంత్రాలు పాడవుతాయట. గదుల్ని చల్లబరిచే పెద్ద పెద్ద మిషన్లను మోసుకెళ్ళి దించడం నేను పనిచేసే లారీల యార్డు పని. బావ షెడ్డులోనే రిపేరు చేయించుకునే మా లారీలకు క్యాబిన్ వెనకే క్రేన్ ఉంటుంది. ఆ బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది. సైట్లో చోటుండదు, నిలబడ్డ చోటే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ ఉండాలి. అలా తిప్పితిప్పి పవర్ స్టీరింగ్ ఆయిల్ ఉడికిపోయి, పొంగి నురగయ్యేది. నురగైతే పంపు కీచుమని ఏడుస్తుంది, స్టీరింగ్ ఉన్నట్టుండి బండరాయిలా బిగుసుకుపోతుంది. ఊళ్ళోవాళ్ళ గదులకు చలువ మోసుకెళ్ళే మా బళ్ళకు మాత్రం చలువ లేదు.

డ్రైవర్లందరం ఒక చిట్కా పట్టాం. తువ్వాలు తడిపి ఆయిల్ ట్యాంకుకి చుట్టేవాళ్ళం. బావ అది చూసిన రోజు ఆ తువ్వాలు ఊడబీకి దాంతోనే నన్ను ఛెళ్ళుమని బాదాడు. "ఏట్రా, జొరమొచ్చిన పిల్లోడనుకున్నావా, తడిగుడ్డ ఎయ్యడానికి? మనిషికి వేడెక్కితే నలుగురు పట్టుకుంటారు. నూనెకి వేడెక్కితే ఎవుడు పట్టుకుంటాడు?" అన్నాడు. పైన పోసే నీళ్ళు లోపలి నూనెను చల్లార్చవని, నూనె బయటికి వచ్చి గాలి తగిలి మళ్ళీ లోపలికి వెళ్ళాలని, అందుకు చిన్న కూలర్ బిగించాలని చెప్పాడు. యార్డు యజమాని ఒప్పుకోలేదు. కంపెనీవాడు పెట్టి ఇవ్వనిది మనమెందుకు పెట్టాలి, బండి రోజంతా షెడ్డులో పడుకుంటే పని ఎవడు చేస్తాడు అన్నాడు.

అన్న వారంలోపే మా యార్డులోనే ఒక లారీ మలుపు మధ్యలో బిగుసుకుపోయింది. డ్రైవర్ ఎంత గుంజినా చక్రం తిరగలేదు. ముందు నిలబడి దారి చూపిస్తున్న మనిషి కాలు బంపరుకీ గోడకీ మధ్య పడింది. ఆ కేక నేను విన్నాను. ఎముక విరిగిన చప్పుడు కూడా విన్నాను, అది ఎండు కొమ్మ విరిగినట్టే ఉంది. సర్వీసు పనికి వచ్చి ఉన్న బావే గడ్డపార దూర్చి బంపరు వంచి అతన్ని బయటికి లాగాడు. ఆంబులెన్సు వెళ్ళాక అదే గడ్డపార తీసుకుని యజమాని ఆఫీసు అద్దం బద్దలుకొట్టాడు. దారి చూపించిన ఆ మనిషి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

అద్దం కొత్తది వచ్చింది, లారీలు మాత్రం అలాగే తిరిగాయి. నా లారీ కూడా.

ఆ నెలలోనే ఒక పొద్దున, మొదటి ట్రిప్పు దించి వస్తుంటే స్టీరింగ్ బిగుసుకుని, అంతలోనే గిర్రున తిరిగి చేతుల్లోంచి ఎగిరింది. దాని చువ్వ తగిలి నా బొటనవేలు కదిలిపోయింది. ఎలాగో ఒకలా లారీని బావ షెడ్డుకి చేర్చాను. దిగి మెట్టు మీద కూర్చుండిపోయాను. బావ క్యాబిన్ పైకెత్తి చూశాడు. ట్యాంకులో నూనె పాలపొంగులా ఉంది. కత్తి తీసి ట్యాంకుకి తిరిగొచ్చే పైపును తెగ్గోశాడు. కాగే నూనె ఆయన మణికట్టు మీద పడింది. మలయ్‌లో ఒక బూతు తిట్టి, చెయ్యి నీళ్ళ తొట్టిలో ముంచి, అరలోంచి ఒక పెట్టె తీశాడు. ప్రమాదం జరిగిన మర్నాడే తెప్పించి దాచిన కూలర్ అందులో ఉంది. అరిచేతులు రెండు కలిపినంత, సన్నని రేకులతో.

ఇంతలో మా యార్డు ఫోర్‌మన్ ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సైట్లో మిషన్ ఎదురుచూస్తోంది, లారీ ఇప్పుడే కావాలన్నాడు. కోసిన పైపు చూసి అతని మొహం ఎర్రబడింది. బావతో వాదించలేదు, నావైపు తిరిగాడు. "యూ జాయిన్ ది పైప్, యూ డ్రైవ్. కెన్‌నాట్, దెన్ టుమారో యూ గో హోమ్ లా," అన్నాడు.

నా పర్మిట్ అతని చేతిలో ఉంది. ఇంటి దగ్గర పొయ్యి నా జీతం మీద వెలుగుతోంది. లారీ ఎక్కితే ఎవడి కాలో, ఎవడి ప్రాణమో పోవచ్చు. ఎక్కకపోతే రేపటికి విమానం. నేను లేచి పైపు ముక్క అందుకున్నాను. అందుకున్నానో లేదో బావ నా చెంప పగిలేటట్టు కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. "బోడో! బుద్దిలేనోడా! సంపుతావురా ఎవుడ్నో ఒకడ్ని! పక్కకి కూసో!" అని కాలర్ పట్టి నన్ను విసిరేశాడు.

ఫోర్‌మన్ బావను తోశాడు. బావ అతని చెయ్యి మెలిపెట్టి లాక్కెళ్ళి, అరిచెయ్యిని ఆ ఆయిల్ ట్యాంకుకి అదిమిపెట్టాడు. "పట్టుకో! ఎంత వేడో పట్టుకుని సూడు! నువ్వు ఎక్కి తోల్తావా దీన్ని?" అని అరుస్తున్నాడు. ఫోర్‌మన్ గావుకేక పెట్టాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు చెక్క పలక తీసి బావ నెత్తి మీద కొట్టాడు. బావ బంపరు మీద బోర్లా పడ్డాడు. కనుబొమ్మ పైన చర్మం చిట్లి రక్తం కళ్ళలోకి కారింది. నేను అడ్డం వెళితే రెండో దెబ్బ నా భుజానికి తగిలింది. మూడో దెబ్బ పడకముందే బావ లేచాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. రాడ్డు ఎత్తలేదు, ఎత్తే అవసరం రాలేదు. ఆ మొహం చూసి వాళ్ళే వెనక్కి తగ్గారు.

ఫోర్‌మన్ నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచి తీశాడు. బొబ్బలెక్కిన అరిచేతిని చూసుకున్నాడు, లారీని చూశాడు. చివరికి, "హౌ లాంగ్?" అన్నాడు. "మకాన్ టైమ్," అన్నాడు బావ, మధ్యాహ్నం తిండి వేళకని. ఆ ఇద్దరి మధ్య మాటలు అంతే. ఎవరూ పోలీసుల దగ్గరకు వెళ్ళలేదు.

నెత్తికి రుమాలు కట్టుకుని బావ పని మొదలుపెట్టాడు. ముందు గ్రిల్ విప్పి, రేడియేటర్ ఎదుట గాలి తగిలే చోట, రబ్బరు బిళ్ళల మీద కూలర్ కూర్చోబెట్టాడు. పంపు నుంచి తోసుకొచ్చే పైపుకి కూలర్ పెడితే ఆ ఒత్తిడికి టపాకాయలా పేలుతుందట, పని ముగించి నెమ్మదిగా తిరిగొచ్చే పైపుకే పెట్టాలట. పొగగొట్టానికి తగలకుండా కొత్త పైపులు దూరంగా తిప్పి, ఒక్కో మూతికి రెండేసి క్లిప్పులు బిగించాడు. రక్తం చుక్కలు కూలర్ రేకుల మీద పడుతుంటే మోచేత్తో తుడిచాడు. కొత్త నూనె పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. ఇంజన్ ఆపి ఉండగానే అటు చివరకు, ఇటు చివరకు మెల్లగా తిప్పాలి. లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చేది. ప్రతి బుడగనూ బావ దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాడు. నా చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. నాకు ఆయన మీద పీకల దాకా కోపంగా ఉంది, ఆయన్ని వదిలి వెళ్ళాలని మాత్రం లేదు.

ఆ కోపాన్ని నేనివాళ మెచ్చుకోవడం లేదు. కాలిన అరిచేతితో ఫోర్‌మన్ నెల రోజులు అన్నం ఎడమచేత్తో తిన్నాడు, అతనూ ఒకరి కింద పనిచేసేవాడే. యజమాని తర్వాత తన లారీలన్నీ బావ షెడ్డు నుంచి మళ్ళించేశాడు. షెడ్డు చాలాకాలం ఖాళీగా ఉంది. అక్క వంటకు కుదిరి ఇల్లు నడిపింది. "నోటితో సెప్పుంటే పోయేదిగా," అని అక్క ఎన్నోసార్లు అంది. "సెప్పేను కదే. ఇన్నారా?" అనేవాడు బావ.

ఆ మధ్యాహ్నం మిషన్ ఎక్కించుకుని సైటుకి వెళ్ళాను. కొత్త కంప్యూటర్ బిల్డింగు నేలమాళిగలోకి ఏటవాలు దారి, అడుగున సూటిగా గోడ. గోడ దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పి కుడికి మళ్ళాలి. దారి చూపించాల్సిన సైటు మనిషి, మా యార్డులో కాలు పోయినవాడి కథ విన్నాడు. జెండా పట్టుకుని దూరంగా నిలబడ్డాడే గాని లారీ ముందుకు రాలేదు. వాణ్ణి తప్పుపట్టలేను, బ్రేకు మీద నుంచి నా కాలే లేవడం లేదు. వెనక హారన్లు కొడుతున్నారు. పొద్దున చేతుల్లోంచి ఎగిరిన స్టీరింగే కళ్ళముందు ఆడుతోంది. దిగి పారిపోదామనిపించింది.

అప్పుడు వెనక నుంచి మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. బావ. కట్టిన రుమాలు ఎర్రగా నానిపోయింది. ఆ మనిషి చేతిలో జెండా లాక్కుని ఏటవాలు దిగాడు. పక్కన నిలబడతాడనుకున్నాను. వెళ్ళి గోడకు వీపు ఆనించి, సరిగ్గా నా బంపరు ఎదురుగా నిలబడ్డాడు. చక్రం తిరక్కపోతే ఆయన తప్పుకోవడానికి చోటు లేదు. "తప్పుకో బావా!" అని అరిచాను. సైటువాళ్ళు కూడా అరుస్తున్నారు. ఆయన నాకన్నా గట్టిగా అరిచాడు. "ఏటి సూస్తన్నావురా? నాను బిగించినాను. రా!"

ఏడుస్తూ బ్రేకు వదిలాను. లారీ కిందికి జారింది. స్టీరింగ్ తిప్పాను. వెన్నలా తిరిగింది, చివరిదాకా తిరిగింది. బంపరు బావ చొక్కా గుండీలు రాసుకుంటూ కుడికి మళ్ళుతోంది. బావ చక్రం వైపు చూడలేదు, గోడ వైపు చూడలేదు. రక్తం కారుతున్న కంటిని ఒక చేత్తో మూసుకుని, రెండో కంటితో నా మొహంలోకే చూస్తూ, జెండా ఊపుతున్నాడు. "రా... ఇంకా రా... బయపడకు, రా."