చూడని ఫోటోలకు పదకొండు పేజీల జవాబు

ఆ రోజుల్లో గడప దాటాలంటే ముందు వేళ్ళు మడిచి లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ఎంతమందిమి కలుస్తున్నాం, ఎన్ని ఇళ్ళవాళ్ళం, మధ్యలో మీటరున్నర ఎడం ఉందా, మనం పాటిస్తున్నది ఈ వారం నియమమా, పోయిన వారందా. కరోనా వచ్చాక రెండో వసంతం అది. మా అమ్మాయి జర్మనీలో, కార్ల్స్‌రూహెలో ఎమ్మెస్ చదువుతోందని ఖమ్మంలో మావాళ్ళు కనిపించినవారికల్లా చెప్పుకునేవారు కానీ, నిజానికి నేను చదువుతున్నది కార్ల్స్‌రూహెలోని ఒక గదిలో. ప్రొఫెసర్లు లాప్‌టాప్‌లో కనిపించేవారు, తోటి విద్యార్థులు నల్లటి గడుల్లో పేర్లుగా ఉండేవారు. (ఒకతనితో కలిసి ఆర్నెల్లు ప్రాజెక్టు చేశాను, అతనికి గడ్డం ఉందన్న సంగతి పరీక్షలన్నీ అయిపోయాక ట్రామ్‌లో ఎదురుపడినప్పుడు తెలిసింది.) అలాంటి కాలంలో నేను ఫుట్‌బాల్ అభిమానినయ్యానంటే ఆట మీద మోజుతో కాదు. శనివారం మధ్యాహ్నం మైదానానికి వెళితే కాళ్ళూ చేతులూ ఉన్న మనుషులు అటూ ఇటూ పరుగెత్తుతూ కనిపిస్తారని.

మా హాస్టల్ అంతస్తుకంతా ఒకటే వంటగది. అందులో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురం. మొదటిది ఆపా, ఉర్దూలో అక్క అని. హైదరాబాద్ అమ్మాయి, చివరి సెమిస్టర్‌లో ఉంది, మా విశ్వవిద్యాలయం అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. వయసులో నాకంటే మూడేళ్ళే పెద్దదైనా, ఆమె గ్లౌజులు తొడుక్కుని నడవాలో నడిచి వెళుతుంటే నేను గోడకు ఒదిగి దారి ఇచ్చేదాన్ని. రెండోవాడు గుంటూరు అన్న, మెకానికల్ ఎమ్మెస్. ఏ ఆటా ఆడిన పాపాన పోలేదు కానీ ఏ ఆట గురించైనా అరగంట తక్కువ కాకుండా మాట్లాడగలడు. జట్టుకు అభిమాన సంఘం ఉండాలని తీర్మానించింది ఆయనే. అధ్యక్షుడు ఆయన, కార్యదర్శిని నేను, సభ్యులు ఎవరూ లేరు. కార్యదర్శి హోదాలో జట్టు పేరిట ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచి, వారం వారం ఫోటోలు పెట్టడం నా బాధ్యత.

ఆ వేసవి చివర్లో, పరిస్థితులు అనుకూలిస్తే, స్టుట్‌గార్ట్ విద్యార్థినుల జట్టుతో మ్యాచ్ పెడతామని విశ్వవిద్యాలయం స్పోర్ట్స్ ఆఫీసు వాళ్ళు చెప్పారు. ఏడాదిన్నరలో అదొక్కటే మ్యాచ్. ఆపాకు అదే చివరిది కూడా, ఆ తర్వాత ఆమెకు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం. అందుకని ఆమె ప్రాక్టీసును నమాజులాగా వేళ తప్పకుండా చేసేది. ప్రాక్టీసుకు ఎలా రావాలో, ఎలా నిలబడాలో, ఎలా వెళ్ళిపోవాలో మైదానం గేటు మీద ఒక కాగితం అంటించి ఉండేది. అమ్మాయిలు ఇద్దరిద్దరుగా, ఎడంగా నిలబడి బంతి తన్నుకోవచ్చు. ఆటకు ముందు కానీ తర్వాత కానీ గుంపు చేరకూడదు. అది మొత్తం జర్మన్‌లో ఉంది. నాకు సగం అర్థమైంది, ఆ సగాన్ని మాత్రం నేను నిక్కచ్చిగా పాటించాను.

ఒక సోమవారం ఉదయం ఆపా వంటగదిలోకి ఫోన్ పట్టుకుని వచ్చింది. టీ పెట్టుకోలేదు, కూర్చోలేదు. జట్టు ప్రాక్టీసు నియమాలను ఉల్లంఘించినట్టు స్పోర్ట్స్ ఆఫీసు దృష్టికి వచ్చిందట. ఆధారంగా నాలుగు ఫోటోలు ఉన్నాయట. వచ్చే వారం వీడియోలో విచారణ, అంతవరకూ ప్రాక్టీసు బంద్, తప్పు తేలితే మ్యాచ్ కూడా లేదు.

"ఏ ఫోటోలు ఆపా?" అన్నాను.

"పంపలేదు. అందులో మనుషుల మొఖాలు ఉన్నయి, ప్రైవసీ అంట," అంది ఆపా. "మేం ఏం చేసినమే? నేనైతే గోల్ల ఒక్కదాన్నే నిలబడ్త. నాకంటే దూరం ఎవరు పాటిస్తరు చెప్పు."

గుంటూరు అన్న అప్పుడు పప్పు తాలింపు పెడుతున్నాడు. గరిట పక్కన పెట్టి, స్టవ్ ఆపి, చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఇది కుట్ర. స్టుట్‌గార్ట్ వాళ్ళ పనే. మన ఆపా ఉన్నంతవరకూ గోల్ కొట్టలేరని తెలిసి ఆఫీసులో గెలుద్దామనుకుంటన్నారు."

ఆ మాట వినగానే నాకు ఒంట్లో వేడి పుట్టింది. (ఈ రోజు ఆలోచిస్తే, స్టుట్‌గార్ట్ వాళ్ళకు ఆపా అనే మనిషి ఉన్నట్టే తెలిసి ఉండదు.) ఆ వారమంతా నేను క్లాసులు వినలేదు. అభిమాన సంఘం పేరిట ఖండన ప్రకటన రాశాను. అప్పటికి నాకొచ్చిన జర్మన్‌లో కోపాన్ని తెలిపే మాటలు రెండే ఉండడం వల్ల వాటినే మార్చి మార్చి వాడాను. ఇన్‌స్టాగ్రామ్‌లో "మా జట్టు నిర్దోషి" అని పెట్టి, కింద సంతకాలు చేయమని వేడుకున్నాను. ఖమ్మం నుంచి మా పిన్నితో సహా చాలామంది చేశారు. అన్నేమో ఫోటోలు తీసిన మనిషిని పట్టుకునే పనిలో పడ్డాడు. మైదానం పక్కన రోజూ కుక్కను తిప్పే ఒక బట్టతల పెద్దాయన మీద ఆయన అనుమానం నిలిచింది. ఇద్దరం వెళ్ళి, మీటరున్నర దూరంలో నిలబడి, మీరు ఇక్కడ ఫోటోలు తీస్తుంటారా అని అడిగాం. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. తీస్తానన్నాడు. ఫోన్ చాచి, కుక్క చిన్నప్పటి నుంచీ తీసిన ఫోటోలన్నీ ఒక్కటీ వదలకుండా చూపించాడు. కుక్కకు పోయిన నెలే పుట్టినరోజు చేశారట. మేం శుభాకాంక్షలు చెప్పి వచ్చేశాం.

"పక్కా ఆరితేరినోడమ్మాయ్," అన్నాడు అన్న, దారిలో.

విచారణకు మూడు రోజుల ముందు అన్న టేపు తెచ్చి మైదానం కంచె పొడవునా కొలతలు తీశాడు. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. దూరం నుంచి ఫోటో తీస్తే ఎడంగా ఉన్న మనుషులు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తారన్నది ఆయన సిద్ధాంతం. బొమ్మలు, కోణాలు, బాణం గుర్తులతో పదకొండు పేజీల నివేదిక తయారైంది. ఫోటోలను మేం ఇంకా చూడలేదన్న చిన్న ఇబ్బంది ఉందని నేను అన్నాను.

"చూడాల్సిన పనేంది? సైన్సుకు ఫోటో ఏదైనా ఒకటే," అని అన్న దాన్ని ఆఫీసుకు మెయిల్ చేశాడు.

విచారణ రోజు మధ్యాహ్నం మేం ముగ్గురం వంటగదిలో ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. తెరమీద జట్టు అమ్మాయిలు, వాళ్ళ కోచ్, స్పోర్ట్స్ ఆఫీసు మేడమ్. కోచ్ అరవై దాటిన జర్మన్ పెద్దావిడ, ఎప్పుడూ మెడలో విజిల్ వేలాడుతూ ఉంటుంది, ఆ రోజు కూడా ఉంది. మేడమ్ తెల్లజుట్టు మనిషి, మాట చాలా మెత్తన. ముందుగా ఆమె అన్న నివేదికను మెచ్చుకుంది.

"శ్రద్ధగా చదివాను. బొమ్మలు చాలా బాగున్నాయి," అంది. "దూరంగా ఉన్నవాళ్ళు దగ్గరగా కనిపించవచ్చని ఒప్పుకుంటాను. మొదటి మూడు ఫోటోలకు అది సరిపోతుంది కూడా. నాకు నాలుగో ఫోటోలోనే సందేహం. అందులో తొమ్మిది మంది చేతులూ ఒకే డబ్బాలో ఉన్నాయి."

ఫోటో తెరమీదికి వచ్చింది. స్టీలు డబ్బా. దాని చుట్టూ తేనెటీగల్లా మా జట్టు. మధ్యలో డబ్బా పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న గుంటూరు అన్న. ఫోటో కింద, మా పేజీ పేరూ, నేను ముచ్చటపడి రాసిన వ్యాఖ్యా: "మావాళ్ళను ఏ శక్తీ విడదీయలేదు."

అవి మిరపకాయ బజ్జీలు. అంతకు రెండు శనివారాల ముందు, ప్రాక్టీసు అయిపోయాక పిల్లలు ఆకలితో ఉంటారని, ఓమ వేసి నేనే చేశాను. పిలిచింది అన్న. ఫోటో తీసింది నేను. లోకానికంతా చూపించింది నేను.

"మాపై ఎవరూ ఫిర్యాదు చేయలేదా?" అని కోచ్ అడిగింది.

"లేదు," అంది మేడమ్, కాస్త నొచ్చుకుంటూ. "మా పత్రికలో మీ జట్టును పొగుడుతూ నాలుగు మాటలు రాద్దామని మంచి ఫోటోల కోసం వెతికాం. ఇవి దొరికాయి. చూశాక చూడనట్టు ఉండలేం కదా."

ఆపా మెల్లగా నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "వాళ్ళకు చెప్పు," అంది, అంతే. ఆమె చివరి మ్యాచ్‌ను నేనే, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చూసుకుని ఎన్ని లైకులొచ్చాయా అని మురిసిపోతూ, చేజేతులా పోగొడుతున్నాను. నేను మాట్లాడడం మొదలుపెట్టాను. తప్పంతా మాదేనన్నాను, అమ్మాయిలు ప్రాక్టీసులో ఎప్పుడూ దగ్గరికి రాలేదన్నాను, కాగితం సగమే అర్థమైందన్నాను. రెండు నిమిషాలు కన్నీళ్ళతో మాట్లాడాక, నా మైకు మ్యూట్‌లో ఉందని మేడమ్ చెప్పింది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. బజ్జీని జర్మన్‌లో ఏమంటారో తెలియక "పిండి చొక్కా తొడుక్కున్న మిరపకాయ" అన్నాను. మేడమ్ ఆ మాటను రాసుకోవడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు కోచ్ గొంతు సవరించుకుంది. "తప్పులో నాకూ వాటా ఉంది. నేను మూడు తిన్నాను."

"నేను నాలుగు," అంది కెప్టెన్. ఆ తర్వాత ఒక్కొక్కరే చెయ్యెత్తి, ఎవరెన్ని తిన్నారో చెప్పుకుంటూ పోయారు. అన్న మాత్రం తెర అంచునుంచి బయటికి జరిగిపోయి, తన పదకొండు పేజీలను ఒడిలో బోర్లా పెట్టుకున్నాడు.

తీర్పు మర్నాడే వచ్చింది. జట్టుకు లిఖితపూర్వకంగా మందలింపు, ప్రాక్టీసుకు అనుమతి, మ్యాచ్ యథాతథం. అభిమానులు ఇద్దరూ సెమిస్టర్ పూర్తయ్యేవరకూ మైదానం గేటు లోపలికి అడుగు పెట్టరాదు. గట్టిగా అరవనూ కూడదు, అరిస్తే తుంపర్లు పడతాయి. ఆపా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "మీకు సరైన శిక్షనే పడ్డది," అని, చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది.

మ్యాచ్ రోజున మేం కంచె బయట, సరిగ్గా ఆపా గోల్ వెనక నిలబడ్డాం. అరవొద్దన్నారు కానీ మోగించొద్దనలేదని అన్న ఒక మూతా గరిటా తెచ్చాడు. స్పోర్ట్స్ ఆఫీసు మేడమ్ కూడా వచ్చి ఒక కుర్చీలో ఒంటరిగా కూర్చుంది. మావాళ్ళు ఎలాగో ఒక గోల్ కొట్టారు. చివరి నిమిషంలో స్టుట్‌గార్ట్ అమ్మాయి ఒకతి అందరినీ దాటుకుని బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. అన్న చేతిలో గరిట ఆగిపోయింది. ఆపా గోల్ వదిలి ముందుకురికి, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర పక్కకు పడి, బంతిని కడుపులోకి లాక్కుని ముడుచుకుపోయింది. లేచినప్పుడు బంతి ఆమె చేతుల్లోనే ఉంది. విజిల్ మోగింది. నేను అరిచిన అరుపుకు ట్రామ్ స్టాపులో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగారు.

జట్టంతా ఆపా వైపు పరుగెత్తింది. సరిగ్గా రెండడుగుల దూరంలో, చేతులు చాచి, అందరూ టక్కున ఆగిపోయారు. ఆగి, మేడమ్ వైపు చూశారు. మేడమ్ నిదానంగా కుర్చీలోంచి లేచి, మైదానానికి వీపు తిప్పి, ఆకాశంలో చూడవలసినదేదో ఉన్నట్టు చాలాసేపు అటే చూస్తూ నిలబడింది.

కాసేపటికి ఆపా మట్టి ముఖంతో కంచె దగ్గరికి వచ్చింది. "ఏడుస్తున్నవా పిల్లా? గెలిచినం కదనే," అంది. ఏడవడం లేదని ఏడుస్తూ చెప్పాను.

ఇప్పుడు నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో ఎవరి మీదైనా ఏదైనా మాట వస్తే, ముందు వివరాలు పంపమంటాను, రెండు వైపులా వింటాను, ఆ తర్వాతే నోరు విప్పుతాను. నెమ్మదైన మనిషని నాకు మంచి పేరుంది, అది నిజమే కూడా. కానీ అప్పుడప్పుడు ఎస్-బాన్ రైలు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఇష్టమైన మనిషిని ఎవరో ఏదో అన్నారని వినగానే వివరాలేవీ అడక్కుండా టేపు కొస పట్టుకుని మైదానంలోకి నడిచిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఆమె చేసిన పనుల్లో సమర్థించదగ్గది ఒక్కటీ లేదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత, రైల్లో పక్కవాళ్ళు చూస్తారని ముఖం కిటికీ వైపు తిప్పుకుని మరీ, నేను ఆమెను చూసి నవ్వుకుంటాను.