డ్రైవరుగారు చూసిన నాటకం

రెండువేల ఆరో సంవత్సరం, ఆగస్టు నెల, ఒక శనివారం ఉదయం. రాత్రి పట్టిన ముసురు ఇంకా వదలలేదు. మా పక్కవాటాలో ఉండే బస్సు డ్రైవరుగారు గొడుగైనా లేకుండా వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"మాస్టారూ, మాట వినబడుతోంది, మనిషి కనబడటం లేదు. ఒక్కసారి రారా?"

భాషోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. కర్త కనబడని వాక్యాలు నాకు కొత్త కావు. అయితే ఈ వాక్యంలో కనబడని కర్త ఆయన కూతురు.

ఆ పిల్ల బడి నాటకంలో ట్రాఫిక్ పోలీసు వేషం కట్టింది. ఆ రోజు తండ్రికి సెలవు దొరకలేదు. అంతే, మాటలు బంద్. మేనత్త ఇంటికి బయలుదేరుతూ, తల్లి చేత కబురు మాత్రం చెప్పించింది: "టీచరిచ్చిన డిస్కు చూడమను. శనివారం సాయంత్రం వచ్చేసరికి నాటకమంతా నాకు చెప్పాలి. అప్పుడే మాట్లాడతా."

డ్రైవరుగారు ఇంట్లో కుర్చీ జరపాలన్నా ముందు వెనక్కి తిరిగి చూసే మనిషి. ఆయన బస్సులో నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకోవడం మరచిపోయేవారు. అంతటి నిదానస్థుడికి కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం కాలు నిలిచేది కాదు. బొమ్మ రాకపోవడానికి కోడెక్ లేకపోవడమే కారణమని డిపోలో ఎవరో చెప్పారట. వీడియోను కుదించి మూట కడతారు. ఆ ముడి విప్పడం తెలిసినదే కోడెక్. ఈయన ఒకటి కావలసిన చోట, పత్రికతో ఉచితంగా వచ్చిన డిస్కులో ఉన్నవన్నీ ఎక్కించేశారు.

"ఏది పనిచేస్తుందో తెలియదు కదండీ, అన్నీ ఉంటే పోలా?"

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నారు, వినలేదా?"

అన్నానే గాని, విరుగుడు నాకూ తెలియదు. వీడియో ఆడించే ప్లేయరును మూసి తెరిచాం. యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాం. మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది, కాని నీటిలో నీడలా తలకిందులుగా! పాప కాళ్ళు పైన, టోపీ కింద. పాప వచ్చే సాయంత్రం బస్సు వేళ దగ్గర పడుతోంది. డ్రైవరుగారు ఒక్క క్షణం ఆలోచించి, పెట్టెలాంటి ఆ మానిటరును రెండు చేతులా ఎత్తి, దిండు మీద తలకిందులుగా నిలబెట్టారు.

పాప లేచి నిలబడింది! నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, నాటకమంతా చూశారాయన. పిల్ల పడబోయి నిలదొక్కుకున్న చోట ఆయన కాలు నేలమీద బ్రేకు తొక్కింది.

సాయంత్రం పాప గుమ్మంలోనే సంచీ దించి, తల్లి వెనక నిలబడి, "చెప్పమను" అంది.

ఆయన పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చారు. ముసలమ్మను రోడ్డు దాటించడం, టోపీ జారడం, ఈల మోగకపోవడం. పాప ముఖం మెల్లగా విచ్చుకుంటోంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"అంతా భేషుగ్గా ఉంది గాని తల్లీ, బండి ఆపడానికి ఎడమ చెయ్యి ఎత్తావేం? కుడి చెయ్యని నేర్పానుగా?"

"కుడి చెయ్యే ఎత్తాను!" పాప తల్లి వెనక నుంచి ముందుకొచ్చింది. "నువ్వు నేర్పావనే ఎత్తాను. నువ్వు చూళ్ళేదు. అమ్మని అడిగి చెబుతున్నావు!"

"నన్ననకే, నేనేం చెప్పలేదు" అంది తల్లి.

డ్రైవరుగారి ముఖం పాలిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయారు. దిండు మీద శీర్షాసనం వేసిన మానిటరును చూసి పాప నోరు తెరిచింది.

"ఇలాగా చూశావు?"

"ఇంకెలాగూ నిలబడలేదమ్మా నువ్వు."

నీటి నీడను తిప్పి నిలబెడితే తల పైకి వస్తుంది, కుడి ఎడమవుతుంది. ఆ సంగతి అప్పుడు తట్టింది నాకు. కోడెక్కులను ఒక్కొక్కటే తొలగిస్తూ, ప్రతిసారీ ఆడించి చూశాం. చివరికొకదాన్ని తీసేయగానే బొమ్మ మళ్ళీ తలకిందులైంది. "ఇంకా చెడింది!" అన్నారాయన. "చెడలేదు, బాగయింది. టీవీని తిన్నగా పెట్టు నాన్నా!" అని పాప అరిచింది. నాన్నా అన్న ఆ పిలుపు విన్నాక ఆయనకు మానిటరు బరువు తెలియలేదు.

ముగ్గురూ మొదటినుంచి చూశారు. కుడి చెయ్యే.

తరువాత వాళ్ళు వేరే ఊరికి మారిపోయారు. చాలా ఏళ్ళకు ఆయన ఉత్తరం రాశారు. దిద్దకుండా ఇస్తున్నాను:

"మాస్టారుగారికి నమస్కారం. నేను రిటైరయ్యాను. అమ్మాయి నాటకాల బృందంలో లైట్లు చూస్తోంది, తను స్టేజీ మీదికి రాదు. అయినా ఒక్క ఆట కూడా వదలను. 'నేను కనబడను కదా, ఎందుకొస్తావు' అంటుంది, మళ్ళీ సీటు తనే పట్టి ఉంచుతుంది. వచ్చే నెల మీ ఊళ్ళో ఆడుతున్నారు. మీకూ ఒకటి పట్టమన్నాను. మీ ఇంటి నుంచి బస్సులో వెళదాం. బ్రేకు పడినప్పుడల్లా నా కాలు ముందుకు పోతుంది, నవ్వకండి."