ఐసు మీద పెట్టిన లాప్‌టాప్

2008 వేసవి. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ల షాపు. కింద అమ్మకాలు, మేడ మీద సర్వీసు గది. ఆ గదిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేదాన్ని నేనే. మా నాన్న తణుకు వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనికి కుదిరాడు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, యంత్రాలంటే నాకు బెదురు లేదు. కానీ మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే. "రిపేరు చేసే ఆయన లేరా అమ్మా?" లేరు, నేనే ఉన్నాను అనేదాన్ని. మనసు బాగున్న రోజు నవ్వుతూ, లేని రోజు నవ్వకుండా.

లాప్‌టాప్‌లు అప్పుడప్పుడే మామూలు ఇళ్ళలోకి వస్తున్నాయి. స్టూడెంట్ మోడల్ అని చవకరకం ఒకటి బాగా అమ్ముడుపోయేది. ఏది కొనాలో తేల్చుకోవడానికి కిందివాళ్ళు నా దగ్గరికే పంపేవారు, బిల్లూ నేనే రాసేదాన్ని. కొనేవాళ్ళలో సగం మంది ప్రాజెక్టు పని కోసమనే చెప్పేవారు. వెళ్ళేముందు మాత్రం గొంతు తగ్గించి, "గేమ్స్ ఆడుకోవచ్చా?" అని అడిగేవారు.

యల్లాజీ గొంతేమీ తగ్గించలేదు. అంతకుముందు ఏడాది వానాకాలంలో చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళది జాలరిపేట. అతను పడవ మీద వేటకెళ్తాడు. చెల్లెలు నూకరత్నం ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడులోకి వచ్చింది. వాళ్ళింట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి. ఆ పిల్ల ర్యామ్ గురించీ హార్డ్ డిస్క్ గురించీ అడుగుతుంటే అన్న ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అన్నీ అయ్యాక తన ప్రశ్న అడిగాడు.

"ఇందల కిరికెట్టు ఆడొచ్చా అమ్మా?"

"అన్నా, ఊరుకో" అంది ఆ అమ్మాయి సిగ్గుపడిపోయి.

నేను ఉన్నదున్నట్టే చెప్పాను. ఇలాంటి చవక యంత్రంలో వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. తెర మీద బొమ్మల్ని కదిలించే పని కూడా బోర్డులోని ఒక చిన్న ముక్కే చేస్తుంది. దాన్ని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ అంటాం. కార్లూ క్రికెట్టూ లాంటివి కాస్త తడబడుతూ ఆడతాయి. కానీ లోపల ఉన్నది ఒక్కటే ఫ్యాను. ఎక్కువసేపు ఆడితే వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. దీన్ని థర్మల్ షట్‌డౌన్ అంటారు. అది రోగం కాదు, యంత్రం తన ప్రాణం కాపాడుకోవడం. "అలా ఆగితే కాసేపు ముట్టుకోకండి" అన్నాను.

"మా పడవింజినూ అంతేనమ్మా. ఏడెక్కితే మొరాయించేత్తది" అని నవ్వాడు.

ఆ డబ్బాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.

వేసవిలో మన సముద్రంలో కొన్నాళ్ళు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం, పడవలు ఒడ్డునే ఉండాలి. ఆ రోజుల్లో యల్లాజీ ఒక్కడే వచ్చాడు. తువ్వాలులో చుట్టిన లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, నిలబడే ఉన్నాడు.

"ఎలగట్లేదమ్మా. నిన్న పొద్దున దాకా బాగానే ఉంది."

అడుగు మూత విప్పగానే గుప్పున చేపల వాసన వచ్చింది. ఇన్నేళ్ళలో బొద్దింకల్ని చూశాను, టీ మరకలు చూశాను, ఒకసారి సాంబారు కూడా చూశాను. చేపల వాసన అదే మొదలు. బోర్డంతా చెమ్మ. చిప్పుల కాళ్ళ దగ్గర పచ్చటి చిలుము, తెల్లటి ఉప్పు పొర. హార్డ్ డిస్క్, అంటే మనం దాచుకున్నవన్నీ ఉండే పెట్టె, దాని అడుగున కూడా నీటి బొట్లున్నాయి.

"నీళ్ళలో పడిందా?"

"అయ్యో, నేదమ్మా! నీటి సుక్క కూడా పడనివ్వలేదు. ఐసు మీదే కదా ఎట్టాను."

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పుకొచ్చాడు. వాళ్ళది రేకుల ఇల్లు. ఆ ఎండకి లాప్‌టాప్ రెండు ఓవర్లు ఆడేలోపే ఆగిపోయేది. ఇలా ఆగి ఆగి చెల్లెలి వస్తువు పాడైపోతుందేమోనని అతనికి బెంగ పట్టుకుంది. వేట లేని రోజులు కదా, ఐసు అడిగేవాళ్ళు లేరు. తెలిసినవాడు ఊరికే ఇచ్చాడు. చేపలు పెట్టే థర్మాకోల్ పెట్టెలో ఐసు ముక్కలు పరిచి, పైన రెండు పాలిథిన్ కవర్లు వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టి ఆడాడు.

"ఐసు మీద ఎడితే ఒక్కపాలి కూడా ఆగలేదమ్మా!" అన్నాడు. ఆ క్షణంలో కూడా అతని మొహంలో కాస్త గర్వం కనిపించింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఐసునీళ్ళ గ్లాసుకి బయట చెమట పడుతుంది చూడండి, అలాగే చల్లబడ్డ బోర్డుకీ పడుతుంది. దీన్ని కండెన్సేషన్ అంటాం. పైగా సముద్రం ఒడ్డు, గాలిలోనే ఉప్పు. ఇదంతా చెబుతుంటే అతని మొహం మెల్లగా నల్లబడిపోయింది.

"నాను సేపని సూసినట్టే సూసానమ్మా దాన్ని" అన్నాడు. "ఐసు నేకపోతే ఏ వస్తువు నిలుత్తాది?"

హార్డ్ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాను. అది గుర్తించనైనా లేదు. అందులో ఆ పిల్ల ప్రాజెక్టు ఉంది. వారంలో కాలేజీలో ఇవ్వాలి. ఇచ్చి పాసైతేనే క్యాంపస్ ఇంటర్వ్యూలో ఎంచుకున్న కంపెనీ ఉద్యోగంలోకి తీసుకుంటుంది. యల్లాజీకి ఇదంతా తెలుసు. గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళబోతూ చేతులు జోడించాడు.

"సెల్లికి ఐసు సంగతి సెప్పకండమ్మా. దానంతటదే పోనాదని సెప్పండి."

మర్నాడు నూకరత్నం వచ్చింది. నాకు అబద్ధాలు సరిగ్గా రావు. "చవక బోర్డులమ్మా, ఒక్కోసారి వాటంతటవే..." అని మొదలుపెట్టాను.

"ఐసు వల్లే పోయిందండి" అంది. "నాకు తెల్సు. మొదటి రోజే చూశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎలక్ట్రానిక్స్ చదివి, చూస్తూ ఊరుకున్నావా?"

ఆ అమ్మాయి తల దించుకోలేదు. "నన్ను చదివించడానికి అన్నని ఏడో క్లాసులోనే బడి మాన్పించీసి పడవెక్కించారండి. ఈ లాప్‌టాప్ కూడా అన్న కష్టమే. వేట లేనప్పుడు ఆ ఒక్క ఆటే ఆడుకుంటన్నాడు. అంత సంబరంగా నన్ను పిలిచి ఐసు పెట్టె చూపించాడు. తప్పని ఎలా చెప్పమంటారు? అన్న లేచాక అడుగంతా తుడిచీదాన్ని. తుడిస్తే చాలనుకున్నాను."

ప్రాజెక్టు ఇంకెక్కడైనా ఉందా అని అడిగాను. పెన్ డ్రైవ్‌లో మొదటి అధ్యాయం మాత్రం ఉందట. హైదరాబాద్‌లో పాడైన డిస్కుల్లోంచి తీసిచ్చేవాళ్ళున్నారు. ఆ ఖర్చు ఎంతో చెప్తే ఆ పిల్ల మళ్ళీ ఆ మాటెత్తలేదు.

"అన్నకి మాత్రం ఐసు వల్ల కాదని చెప్పండి. లేకపోతే జన్మంతా అదే తల్చుకుని ఏడుస్తాడు."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి యల్లాజీ వచ్చినప్పుడు చెల్లెలు కోరిందే చెప్పాను. "నేను తొందరపడి అన్నాను. ఐసు కాదు, మీ రేకుల వేడికే బోర్డు ముందే దెబ్బతింది." పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఎంత వేడి గదిలో వాడకూడదో రాసుంటుంది. మే నెలలో రేకుల కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. అతనికి ఊరట కలుగుతుందనుకున్నాను.

అతను బల్ల మీదున్న లాప్‌టాప్ వైపు చూశాడు.

"అయితే మళ్ళీ కొన్నా ఇలాగే పోద్దన్నమాట. మా ఇంట్లో ఇంకేటి సెయ్యాలమ్మా?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు. తప్పు తనదనుకుంటే ఐసు మానేస్తే సరిపోయేది. నేను దాన్ని ఇంటి మీదకి నెట్టాను. ఇంటిని అతను ఏం చేయగలడు? పాడైన లాప్‌టాప్‌ని పొడి తువ్వాలులో చుట్టి ఇచ్చాను. బాగవదని తెలిసినా జాగ్రత్తగా పట్టుకుని మెట్లు దిగాడు.

నూకరత్నం కాలేజీ ల్యాబులో కూర్చుని మళ్ళీ రాసింది కానీ గడువులోపల పూర్తి కాలేదు. తర్వాతి విడతలో పాసయింది. అప్పటికి ఆ కంపెనీ పిలవడం మానేసింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేస్తూ ఒకసారి కనిపించింది. నన్ను చూసి నవ్వింది. "అన్న బాగున్నాడా?" అంటే, "ఆట మానేశాడండి" అంది. తల తిప్పి మళ్ళీ టైపు మొదలుపెట్టింది.

ఈ కేసు నేర్పిందేమిటంటే, చవక లాప్‌టాప్‌లో గేమ్స్ ఆడొచ్చా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ప్రాసెసర్ గురించీ ర్యామ్ గురించీ తర్వాత, ముందు ఇంటి పైకప్పు ఏమిటని అడుగుతాను. శ్లాబు అంటే ఆడుకోండి అంటాను. మొన్న ఒకాయన కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, "రేకులేనమ్మా, ఏం?" అన్నాడు. ఆ పిల్ల అప్పటికే లాప్‌టాప్ మీద చెయ్యి వేసి ఉంది. ఏమీ లేదని చెప్పి బిల్లు రాశాను.