నేను చూడని రెండు పేజీలు

2023 ఫిబ్రవరి. మెయ్‌నూత్ అనే ఐరిష్ ఊళ్లో ఒక పాత పుస్తకాల దుకాణం వెనక గదిలో నా ఉద్యోగం. పుస్తకం అమ్మకానికి వెళ్లేముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూసి, కాగితం మీద టిక్ పెట్టి, చివర సంతకం చేస్తాను. దీన్ని కొలేషన్ అంటారు. గుంటూరులో లైబ్రరీలో పద్నాలుగేళ్లు, ఇక్కడ పదిహేడేళ్లు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్లలో నేను చూడని పేజీకి టిక్ పెట్టింది లేదు.

ఆ నెలలో డెక్లన్ అనే రైతు పేజీలు సరిచూడమని ఒక తోలు అట్ట పుస్తకం తెచ్చాడు. అతని ముత్తాత తమ్ముడు సర్వేయరు. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు అప్పుడప్పుడే లోపలికి చొచ్చుకుపోతున్న రోజుల్లో, గొలుసుతో నేల కొలుస్తూ రోజూ రాసుకున్న ఫీల్డ్ జర్నల్ అది. ఎక్కడ నీటిగుంట ఉంది, ఎవరు ఎదురొచ్చారు, ఆ చోటును వాళ్లు ఏమని పిలిచారు, అన్నీ రాశాడు. తరవాత ఎవరూ లేని నేల అంటూ పంచుకున్న చోటే మనుషులు బతుకుతున్నారని ఆయన చేతిరాతే సాక్ష్యం.

డెక్లన్ దాన్ని అప్పటికే ఒక ప్రైవేటు కలెక్టరుకు అమ్మేశాడు. శుక్రవారం వాళ్ల మనిషి వచ్చి తీసుకుపోతాడు. ఆ తరవాత అది ఎవరి కంటా పడదు. సంగతి తెలిసి ఆస్ట్రేలియా నుంచి మార్లీన్ అనే ఆవిడ ఫోన్ చేసింది. జర్నల్‌లో ఉన్న నేల వాళ్ల ఆదివాసీ కుటుంబాలది. దాని మీద హక్కు కోసం వేసిన కేసు విచారణకు వస్తోంది. పుస్తకం మొత్తానికి ఫొటోలు కావాలి, ఏ పేజీ వదల్లేదని నా సర్టిఫికెట్ కావాలి. ఒక్క పేజీ తగ్గినా అవతలి లాయర్లు మొత్తాన్నీ తోసిపారేయమంటారు. డెక్లన్ వెంటనే ఒప్పుకున్నాడు. "తీసుకోండి మిసెస్, గ్రాండ్" అన్నాడు. ఇక్కడ గ్రాండ్ అంటే సరే, బాగుంది అని; అతనికి అన్నీ గ్రాండే.

ఫొటోలకు శ్రీనాథ్‌ను పిలిచాను. వరంగల్ మనిషి, నలభై దాటాయి, దగ్గర్లోని క్లాండాల్కిన్‌లో స్కానింగ్ పని చేస్తాడు. మంచివాడే కానీ తొందర. అంతకు ముందు మూడు పుస్తకాల్లో పేజీలు వదిలేశాడు. ఏ పుస్తకంలో ఏ పేజీయో నా దగ్గర రాసి ఉంది.

మంగళవారం నేను పుస్తకం తెరవకముందే మార్లీన్ వీడియో కాల్ చేసింది. వాళ్లలోనూ పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు.

"ఆంటీ, నూట పద్దెనిమిది, పంతొమ్మిది పేజీల్లో మా మగవాళ్లు క్రతువులు చేసే స్థలం బొమ్మ ఉంది. ఇదివరకు ఆ పుస్తకం చూసిన ఒకాయన మా పెద్దాయన అంకుల్ రేకి చెప్పాడు. దాన్ని ఆడవాళ్లు చూడకూడదు. నేను చూడను. మీరూ చూడొద్దు."

"కేసుకు అది ముఖ్యమా?"

"అన్నిటికన్నా అదే ముఖ్యం."

"ముఖ్యమైన పేజీ చూడకుండా దేనికమ్మా నేను సంతకం పెట్టేది?"

"కోర్టులో కూడా దాన్ని మగవాళ్లే చూస్తారు ఆంటీ. ఆ ఏర్పాటు చేసుకున్నాం. మీ దగ్గర ఎలాగో మీరే చెప్పాలి."

నాకు ఒళ్లు మండింది. అయినా ఆ రెండు పేజీలూ ఎవరివి? నావి కావు. మొత్తం పుస్తకంలో ఆ రెండే శ్రీనాథ్ ఒక్కడూ చూసుకోవాలని, ఆ ఫొటో నేరుగా అంకుల్ రేకే పంపాలని తేల్చాం. మనుషులందరిలోకీ శ్రీనాథ్! బుధవారం అతను లోపల ఆ పేజీలు తీస్తుంటే నేను ముందు గదిలో గోడ చూస్తూ కూర్చున్నాను. మిగతావన్నీ నేనే తిప్పి, టిక్ పెట్టాను. సాయంత్రం డెక్లన్ పుస్తకం ఇంటికి పట్టుకుపోయాడు.

గురువారం పొద్దున్నే మార్లీన్ ఫోన్. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతు. "ఆంటీ, ఆ నీలం స్వెట్టర్ ఎవరిదని అంకుల్ రే అడగమన్నాడు."

శ్రీనాథ్‌కు ఫోన్ చేశాను. "ఏమయ్యా, ఫొటో తీసింది పేజీకా, నీ స్వెట్టర్ చేతికా?"

"అయ్యో ఆంటీ... నేను అటు చూడలే."

"నిన్ను చూడమనే కదా పెట్టింది! మగవాడివనే కదా!"

"వాళ్ల దేవుని జాగ కద ఆంటీ. గుళ్లె నైవేద్యం పెట్టేటప్పుడు పరదా ఏస్తరు, మనం చూస్తమా? మొకం తిప్పుకొని బటన్ ఒత్తిన."

"పరదా అవతల పూజారి ఉంటాడు కదా? ఆయన కూడా మొహం తిప్పుకుంటే నైవేద్యం ఎవరు పెడతారు? ఇక్కడ పూజారివి నువ్వయ్యా!"

"కారు తెస్త ఆంటీ" అన్నాడు.

డెక్లన్ ఇల్లు అరగంట దూరం. పుస్తకాన్ని బ్రౌన్ పేపర్లో చుట్టి, వంటింటి ప్రెస్‌లో, అంటే గిన్నెల బీరువాలో, జామ్ సీసాల పక్కన పెట్టాడు. జామ్ సీసాల పక్కన! "రెండు పేజీలే కదా మిసెస్, మిగతావి గ్రాండ్‌గా వచ్చాయిగా" అన్నాడు. నేను జవాబివ్వకుండా కత్తెర అడిగాను.

శ్రీనాథ్ కెమెరా అమర్చాడు. ఈసారి నేను గది వదలలేదు. కుర్చీని పొయ్యి వైపు తిప్పుకుని, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాను.

"నాలుగు మూలలూ పడ్డాయా?"

"పడ్డయి ఆంటీ."

"కింద స్కేలు?"

"కనవడుతుంది."

"పేజీ నంబర్లు చదువు."

"నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది."

"నీ చెయ్యి ఎక్కడుంది?"

"జేబుల ఉంది ఆంటీ."

"మరి బటన్ దేంతో నొక్కావు?"

"ఇంకో చేత్తోని!"

డెక్లన్‌కు తెలుగు రాదు, అయినా నవ్వాడు. నేను నవ్వలేదు.

అక్కడే సర్టిఫికెట్ రాశాను. 118, 119 పేజీలు తప్ప అన్నీ నేను చూశాను. ఆ రెండూ శ్రీనాథ్ చూశాడు. నేను అదే గదిలో వీపు తిప్పి కూర్చుని అడిగాను, అతను చెప్పాడు. "వీపు సంగతి ఎందుకు మిసెస్?" అన్నాడు డెక్లన్. జరిగింది అదే కాబట్టి అన్నాను. శుక్రవారం కలెక్టరు మనిషి వచ్చేసరికి అంకుల్ రే దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈసారి స్వెట్టర్ లేదు, అంతా ఉంది. ఆ సర్టిఫికెట్‌ను అవతలి లాయర్లు కూడా ప్రశ్నించలేదని తరవాత మార్లీన్ చెప్పింది. కేసు ఇంకా నడుస్తోంది.

పుస్తకం పూర్తిగా ఉందని చెప్పాలంటే పూర్తిగా నేనే చూడాలని ఇన్నేళ్లూ అనుకున్నాను. పుస్తకం పూర్తిగా ఉండటం వేరు, అంతా నా కళ్లబడటం వేరు. నా కొలేషన్ కాగితంలో ఆ రెండు గళ్లలో టిక్ లేదు, శ్రీనాథ్ పొడి అక్షరాలున్నాయి. టిక్ పెట్టనందుకు ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో శ్రీనాథ్ అన్నాడు. "అండ్ల ఏమున్నదో మీరు అడగనే లేదు ఆంటీ."

"ఈసారి చూశావా?"

"చూసిన."

"అయితే నోరు మూసుకుని బండి నడుపు."